ముద్ద సబ్బు, గ్రీజు పోసే ప్రెషర్ పరికరాలు: ఏది ఎవరికి పనికొస్తుంది?

కొనేముందు ఒక గరిటె తీసుకోండి. మీరు వాడే గ్రీజు డబ్బా గానీ, చేతులు కడుక్కునే ముద్ద సబ్బు డబ్బా గానీ మూత తీసి, మధ్యలోంచి ఒక గరిటెడు తోడేయండి. ఆ గుంటను ఒక నిమిషం పాటు గమనించండి. అంచులు మెల్లగా జారి గుంట దానంతట అదే పూడిపోతే మీకు ఒక రకం పరికరం సరిపోతుంది. గరిటె గీతలు కూడా చెదరకుండా గుంట అలాగే నిలబడితే వేరే రకం కావాలి. ఎన్ని బార్ల ప్రెషర్ (బార్ అంటే ఒత్తిడి కొలత), ఎన్ని లీటర్లు, హామీ ఎన్నేళ్లు అనే లెక్కలన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఈ సంగతి తెలియకే నేను దెబ్బతిన్నాను. వర్క్‌షాపులో చేతుల సబ్బు కోసం 20 లీటర్ల ప్రెషర్ ట్యాంకు తీసుకున్నాం. పెయింటు స్ప్రే చేసేవాళ్లు వాడే రకమే. మూతకు గాలి కనెక్షను, లోపల అడుగుదాకా దిగే పైపు, బయట ఒక వాల్వు, అంతే. ముద్ద సబ్బు నింపి 3 బార్ గాలి ఎక్కించాం. మొదటి రోజు ఎంత బాగా పనిచేసిందంటే, ఇన్నాళ్లూ డబ్బాలో చేతులు పెట్టి తీసుకున్నందుకు మాకే నవ్వొచ్చింది. రెండో రోజు ఒకతను వాల్వు నొక్కగానే ఫట్‌మని గాలి కొట్టింది. దాంతోపాటు ఒక సబ్బు ముద్ద ఎగిరి అతని చొక్కా మీద పడింది. సబ్బు అయిపోయిందేమో అనుకుని, గాలి వదిలి, మూత తీసి చూశాం. ముప్పావు ట్యాంకు సబ్బు అలాగే ఉంది. పైపు చుట్టూ మాత్రం పైనుంచి అడుగుదాకా చెయ్యి పట్టేంత సొరంగం! గాలికి సులువైన దారి దొరికింది, ఆ దారినే పోయింది. చుట్టూ సబ్బు గోడలా నిలబడిపోయింది.

అమ్మినతనికి ఫోన్ చేస్తే ప్రెషర్ పెంచమన్నాడు. పెంచాం. సొరంగం ఇంకా త్వరగా పడింది.

ముద్ద ఎందుకు మాట వినదు

గ్రీజునీ సబ్బునీ ఒకే గాటన కట్టడం వింతగా అనిపించొచ్చు గానీ, గ్రీజులో ఉండేది కూడా సబ్బే. లిథియం, కాల్షియం లాంటి లోహాల సబ్బు సన్నటి పోగుల్లా అల్లుకుని, ఆ అల్లికలో నూనెను పట్టి ఉంచుతుంది. పాలీయూరియాతోనో, ఒక రకం బంకమట్టితోనో చిక్కబరిచే గ్రీజులూ ఉన్నాయి, కానీ ఎక్కువగా దొరికేవి సబ్బు రకాలే. ఏదైనా సరే, గుణం ఒకటే. కొంత మేరకు తోసినా కదలదు. ఒక హద్దు దాటాక ఒక్కసారిగా జారుతుంది. తోయడం ఆపగానే మళ్లీ గట్టిపడుతుంది. నీళ్లయితే ఎంత మెల్లగా తోసినా ఎంతో కొంత కదులుతాయి. ముద్దకు ఆ మొహమాటం లేదు.

గ్రీజు ఎంత గట్టిదో చెప్పడానికి ఎన్.ఎల్.జి.ఐ. అనే అమెరికా గ్రీజు సంస్థ పెట్టిన గ్రేడ్లు ఉన్నాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 60 సార్లు కలియబెట్టిన గ్రీజులోకి ఒక లోహపు శంకువును వదిలి, అది ఎంత లోతు దిగిందో మిల్లీమీటరులో పదో వంతుల్లో కొలుస్తారు. 265 నుంచి 295 వరకు దిగితే అది 2వ గ్రేడు. బేరింగుల్లో మామూలుగా వాడేది ఇదే. 355 నుంచి 385 వరకు దిగితే 0 గ్రేడు. 400 నుంచి 430 అయితే 00, 445 నుంచి 475 అయితే 000. ఆ చివరి రెండూ చిక్కటి మజ్జిగలా పోతాయి. నేను చెప్పిన గరిటె పరీక్ష ఈ పరీక్షకు మోటు చెల్లెలు. 00 గ్రేడు గుంట కళ్లముందే పూడిపోతుంది. 2వ గ్రేడు గుంట మర్నాటికీ అలాగే ఉంటుంది. ఒక జాగ్రత్త: గరిటె పరీక్షను పరికరం నిజంగా ఉండబోయే చోట, అక్కడి చలిలోనే చెయ్యండి. వేడి గదిలో జారిన ముద్ద చలికాలం తెల్లవారుజామున షెడ్డులో కదలకపోవచ్చు.

గాలి నేరుగా తగిలే ట్యాంకు

గుంట పూడే పదార్థానికి ఇంతకన్నా సుఖమైనది లేదు. లోపల కదిలే భాగమే లేదు కాబట్టి అరిగేదీ ఇరుక్కునేదీ ఏమీ ఉండదు. ధార కూడా ఆగి ఆగి కాకుండా ఒకే తీరున వస్తుంది. గేర్‌బాక్సులో పోసే 00, 000 గ్రీజుకు, జారే సబ్బుకు ఇదే తీసుకోండి, ఎక్కువ ఆలోచించొద్దు.

ఒక్క విషయం చూసుకోవాలి. గాలి ఒకసారి నింపి ఊడదీసే రకమా, కంప్రెసర్‌కు ఎప్పుడూ కలిపి ఉంచే రకమా? ఒకసారి నింపే రకంలో ప్రెషర్ ఎలా పడిపోతుందో లెక్క చూడండి. 20 లీటర్ల ట్యాంకులో 15 లీటర్ల సబ్బు, 5 లీటర్ల గాలి ఉన్నాయి. గేజీ 6 బార్ చూపిస్తోంది. బయటి గాలి ఒత్తిడి కలుపుకుంటే అసలు 7. 5 లీటర్ల సబ్బు వాడేసరికి గాలి జాగా రెట్టింపై 3.5కి పడుతుంది, అంటే గేజీ మీద 2.5. మరో 5 లీటర్లు వాడితే గేజీ 1.3 దగ్గరికి వస్తుంది. మొదట ధార జోరుగా, చివర్లో చుక్క చుక్కగా! కంప్రెసర్ ఉన్నవాళ్లు రెగ్యులేటర్ పెట్టి కలిపే ఉంచుకుంటే ఈ బాధ ఉండదు. కంప్రెసర్ లేకపోతే ట్యాంకును సగానికి మించి నింపకండి.

ట్యాంకులో తోసే ప్లేటు

గాలికీ ముద్దకూ మధ్య ఒక పళ్లెం పెట్టి, దాని అంచుకు రబ్బరు సీలు వేస్తే సొరంగం పడే అవకాశమే పోతుంది. దీన్ని ఫాలోవర్ ప్లేటు అంటారు. ప్లేటు పైన గాలి, కింద ముద్ద. ముద్ద తగ్గేకొద్దీ ప్లేటు దిగుతూ గోడలను గీకుతూ పోతుంది. అడుగున మిగిలేది కొంచెమే. ట్యాంకు గోడ లోపల నున్నగా, గుండ్రంగా ఉండాలి. ఒక్క సొట్ట పడినా సీలు అక్కడ వదులై గాలి కిందికి దూరుతుంది, మళ్లీ పాత కథే. సెకండ్ హ్యాండ్ ట్యాంకు కొనేవాళ్లు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమి చూడాలి.

కొనేవాళ్లు ఇక్కడ ఎక్కువగా మర్చిపోయేది గొట్టం. ముద్ద కదలాలంటే గొట్టం గోడలతో పెనుగులాడాలి. కదలడానికి కనీసం ఎంత ప్రెషర్ కావాలో తేలిగ్గానే లెక్కగట్టొచ్చు. ముద్ద మొండితనాన్ని, అంటే అది జారడం మొదలుపెట్టే ఆ హద్దును, 4తోనూ గొట్టం పొడవుతోనూ గుణించి, గొట్టం లోపలి వ్యాసంతో భాగించాలి. మొండితనం 200 పాస్కల్ అనుకుందాం (లక్ష పాస్కల్ ఒక బార్). లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు ఉన్న 10 మీటర్ల గొట్టమైతే లెక్క 8 బార్ వస్తుంది. మామూలు కంప్రెసర్ లైనులో ఉండేది 6 లేదా 7. అంటే వాల్వు పూర్తిగా తెరిచినా చుక్క రాదు. అదే గొట్టం 25 మిల్లీమీటర్లదైతే 3.2 బార్ చాలు. దాన్నే 3 మీటర్లకు కత్తిరిస్తే 1 బార్ కన్నా తక్కువ. ఇవి కదలడానికి కావలసినవి మాత్రమే, జోరుగా రావాలంటే ఇంకా కావాలి. అందుకే ఈ రకం తీసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ట్యాంకును పని జరిగే చోటికి దగ్గరగా పెట్టండి, లావు గొట్టం వేయండి. ట్యాంకు మీద పెట్టే డబ్బులో కొంత గొట్టానికి మళ్లించినా నష్టం లేదు.

ఇంకో చిక్కు గ్రీజుకే ప్రత్యేకం. రోజుల తరబడి ప్రెషర్ కింద కూర్చోబెడితే స్పాంజిని పిండినట్టు నూనె విడిపోతుంది. ముందు నూనె కారుతుంది, తర్వాత గట్టి ముద్ద మిగులుతుంది. పని అయ్యాక గాలి వదిలేయడం అలవాటు చేసుకోవాలి. వారానికి ఒకసారి వాడేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

పిస్టన్ పంపు

గుంట అస్సలు పూడదు, గొట్టం పొడుగ్గా లాగాలి, గ్రీజు నిపుల్ (బేరింగుకు గ్రీజు పోయేందుకు బిగించిన చిన్న లోహపు మూతి) ద్వారా ఎక్కించాలి. ఈ మూడూ ఉంటే గాలితో నడిచే పిస్టన్ పంపే. పైన పెద్ద పిస్టన్ గాలితో ఆడుతుంది, కింద చిన్న పిస్టన్ గ్రీజును తోస్తుంది. రెంటి వైశాల్యాల నిష్పత్తినే 50:1 అని రాస్తారు. 7 బార్ గాలి ఇస్తే లెక్క ప్రకారం 350 బార్. రాపిడికి కొంత పోయినా, మొండికేసిన నిపుల్‌లోకి దూర్చడానికి చాలినంత ఉంటుంది. ఇక్కడ ప్రెషర్ పంపులోనూ గొట్టంలోనూ ఉంటుంది, డబ్బాలో కాదు. కాబట్టి గ్రీజు వచ్చిన బకెట్టులోనో డ్రమ్ములోనో నేరుగా పంపు దించొచ్చు. ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మార్చేటప్పుడు పడే దుమ్ము, చొరబడే గాలి బుడగలు ఉండవు. నా లెక్కలో ఈ పంపుకున్న అసలు లాభం ఇదే, ఆ 350 కాదు.

దీనికీ ఫాలోవర్ ప్లేటు కావాలి. పంపు అడుగు నుంచి పీల్చుకుంటూ ఉంటే చుట్టూ గ్రీజు జారి రాకపోతే అక్కడా గుంటే పడుతుంది, పంపు గాలిని పీలుస్తుంది. అప్పుడు పంపు చప్పుడు మారుతుంది. బరువు లాగుతూ టక్... టక్... అని నింపాదిగా కొట్టుకునేది కాస్తా టకటకటక అని ఉరుకుతుంది, గొట్టం చివర మాత్రం ఏమీ రాదు. ఆ శబ్దం వినగానే గాలి కట్టేయాలి. ఉత్తుత్తినే ఉరికే పంపు సీళ్లు త్వరగా పోతాయి. 2వ గ్రేడు గ్రీజుకు మామూలు ప్లేటు చాలు, పైనున్న వాతావరణపు ఒత్తిడే దాన్ని కిందికి దించుతుంది. 3వ గ్రేడు, అంతకన్నా గట్టివైతే ప్లేటును కిందికి నొక్కే గాలి సిలిండర్లున్న స్టాండు కావాలి. అది పెద్ద వ్యవహారం.

ముద్ద సబ్బుకు ఈ పంపు తీసుకోవద్దు. చేతుల సబ్బులో నురుగురాయి పొడి లాంటి గరుకు ఉంటుంది. అది పిస్టన్ సీళ్లను ఆకురాయిలా అరగదీస్తుంది. బాల్ వాల్వు కింద ఒక్క గింజ ఇరుక్కున్నా వాల్వు మూసుకోదు.

చేతి గన్ను, బ్యాటరీ గన్ను

పది, ఇరవై నిపుల్స్ ఉన్నవాళ్లకు మామూలు లివర్ గ్రీజు గన్నే సరిపోతుంది. పెద్ద సామాను అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. దానిలోని స్ప్రింగు మీద ఒక అపోహ ఉంది. స్ప్రింగు గ్రీజును ముందుకు తెచ్చి పెడుతుంది, అంతే. ప్రెషర్ పుట్టేది తలకాయలోని సన్నటి ప్లంజరు (తోపుడు కడ్డీ) దగ్గర, మీ చేతి బలంతో. గ్రీజు రావడం లేదంటే చాలాసార్లు మధ్యలో గాలి బుడగ చిక్కుకుని ఉంటుంది. తలకాయను ఒకటి రెండు చుట్లు వదులు చేసి, గాలి పోయాక బిగిస్తే సరి. గాలి వదిలే బొత్తం ఉన్న గన్ను కొంటే ఆ తిప్పలు కూడా ఉండవు.

బ్యాటరీ గన్ను చెయ్యి నొప్పిని తగ్గిస్తుంది, రోజుకు వంద పాయింట్లు కొట్టేవాళ్లకు వరమే. కానీ చేతి గన్నులో తెలిసే ఆ ఎదురు తోపు ఇందులో తెలియదు. బేరింగు నిండిపోయిందో, సీలు చిరిగి గ్రీజు అవతలికి పోతోందో చెయ్యి చెప్పదు. అందుకే ఎంత కొట్టాలో ముందే లెక్క ఉండాలి. బేరింగు బయటి వ్యాసాన్ని వెడల్పుతో గుణించి, రెండూ మిల్లీమీటర్లలో, దాన్ని 0.005తో గుణిస్తే మళ్లీ వేయాల్సిన గ్రీజు గ్రాముల్లో వస్తుంది. 6308 బేరింగు తీసుకోండి. వ్యాసం 90, వెడల్పు 23. లెక్క 10 గ్రాముల పైచిలుకు. మీ గన్ను ఒక్క నొక్కుకు ఎంత ఇస్తుందో కంపెనీ కాగితం చూసి నమ్మొద్దు. ఒక కాగితం మీద పది నొక్కులు కొట్టి తూకం వేయండి. మా దగ్గరున్న రెండు గన్నులు చూడటానికి కవలల్లా ఉంటాయి, తూకంలో మాత్రం ఒకటి రెండోదానికన్నా బాగా తక్కువ ఇస్తుంది.

చెయ్యి అందని చోట, నెలల తరబడి తిరిగే బేరింగుకు దానంతట అదే కొద్దికొద్దిగా ఇచ్చే చిన్న డబ్బాలు దొరుకుతాయి. లోపల రసాయన చర్యతో గ్యాసు పుట్టి పిస్టన్‌ను తోస్తుంది. ప్రెషర్ కొద్ది బార్లే కాబట్టి బేరింగుకు దగ్గరగా బిగించాలి.

సబ్బుకు మాత్రం సంచి

చేతుల సబ్బు విషయంలో మేము చివరికి చేరింది గాలి అక్కర్లేని చోటికి. గోడకు బిగించే పెట్టెలో ముద్ద సబ్బు సంచి పెడతారు. సంచి మూతికి పెదవుల్లా మూసుకునే రబ్బరు వాల్వు ఉంటుంది. మీట నొక్కితే కొంచెం సబ్బు వస్తుంది, సంచి అంత మేర ముడుచుకుంటుంది. లోపలికి గాలి పోదు, సొరంగం పడదు. మెత్తటి పెదవుల మధ్య గరుకు గింజ ఇరుక్కున్నా, తర్వాతి నొక్కులో అదే బయటికొస్తుంది. ఒకటే తలనొప్పి. సెలవుల తర్వాత మూతి దగ్గర సబ్బు ఎండి బిరడాలా బిగుసుకుంటుంది. తడి గుడ్డతో ఒక నిమిషం పట్టుకుంటే కరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు కోపంతో మీటను గుద్ది విరగ్గొడతారు, అది వేరే సంగతి.

ఒకే చోట వందల మంది చేతులు కడుక్కునే ఫ్యాక్టరీ అయితే సంచులు మార్చడమే ఒక ఉద్యోగం అవుతుంది. అక్కడ ప్లేటున్న ట్యాంకు, లావు పైపు వేసుకోవచ్చు. సబ్బులో నీళ్లుంటాయి కాబట్టి మామూలు ఇనుప ట్యాంకు తుప్పుపట్టి సబ్బుకు ఎర్ర రంగు వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోవాలి. సీలు రబ్బరు కూడా అడగండి. నారింజ తొక్క నూనె కలిపిన సబ్బులు చాలా రకాల రబ్బరును ఉబ్బిస్తాయి. గ్రీజు వైపు వస్తే నైట్రైల్ రబ్బరు బాగుంటుంది, ఈ.పి.డి.ఎం. రబ్బరు మాత్రం మినరల్ ఆయిల్ తగిలితే పాడవుతుంది. "రబ్బరే కదా సార్" అనే అమ్మకందారు దగ్గర కొనకండి.

ప్రెషర్‌తో పరాచికాలు వద్దు

30 సెంటీమీటర్ల మూత మీద 3 బార్ అంటే 2 టన్నులకు పైగా తోపు. గేజీ సున్నా చూపించాక కూడా గాలి వదిలే వాల్వు తెరిచి, బుస్సుమనడం పూర్తిగా ఆగాకే బోల్టులు వదులు చెయ్యాలి. ముద్ద ఎండి గేజీ రంధ్రం మూసుకుపోయి, లోపల ప్రెషర్ ఉన్నా ముల్లు సున్నా మీదే నిలబడటం ఈ ట్యాంకుల్లో జరిగేదే. సేఫ్టీ వాల్వు లేని ట్యాంకు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఉన్నా, అది మూత లోపలి వైపు ముద్ద అంటుకునే చోట ఉందేమో చూడండి.

గ్రీజు గన్ను, పంపు విషయంలో భయం వేరు. గొట్టానికి సూది మొనంత చిల్లు పడితే అందులోంచి వచ్చే ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గుచ్చుడులా కనిపిస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం గ్రీజు కండరాల మధ్య పాకిపోతుంది. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. పసుపు పెట్టి కట్టు కట్టుకునే వ్యవహారం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్‌తో గ్రీజు లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. పంపుతో కొన్న గొట్టం పాడైతే, అదే ప్రెషర్‌కు సరిపోయే గొట్టమే వేయాలి. గాలి గొట్టం సైజు కుదిరింది కదా అని తగిలిస్తే పేలుతుంది.

సబ్బుకు వాడిన పరికరాన్ని శుభ్రంగా కడిగి, పూర్తిగా ఎండబెట్టకుండా గ్రీజుకు మార్చొద్దు. మూలల్లో మిగిలిన తడి బేరింగులో తుప్పవుతుంది. గ్రీజు రకం మార్చినా పాతది పూర్తిగా తీసేయాలి. లిథియం గ్రీజులో పాలీయూరియా గ్రీజు కలిస్తే రెండూ చెడి నీళ్లలా కారిపోయే సందర్భాలున్నాయి.

చొక్కా పాడుచేసిన ఆ 20 లీటర్ల ట్యాంకును మేము పారేయలేదు. శుభ్రంగా కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, సీళ్లు మార్చి 00 గ్రేడు గ్రీజు నింపాం. గేర్‌బాక్సులకు పోస్తున్నాం. 1.5 బార్ పెడితే చాలు, సన్నటి ధార ఎక్కడా తెగకుండా వస్తుంది. మొన్న మూత తీసినప్పుడు చూశాను, పైభాగం పళ్లెంలో పెరుగులా సమంగా ఉంది.